సున్నా కనిపించగానే సూది తీసేయకండి

ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో ఆస్పత్రిలో రెండు నిమిషాల్లో చూపించి పంపేస్తారు. సందేహాలు పుట్టేది ఇంటికొచ్చాక, కంచంలో అన్నం వడ్డించుకుని పెన్ను చేతిలోకి తీసుకున్నప్పుడు. షుగర్ దిగకపోతే మందు పడట్లేదనుకుంటాం. చాలాసార్లు లోపం మందులో ఉండదు, వేసుకునే తీరులో ఉంటుంది.

అపోహ: ఒళ్లున్నవాళ్లకు పొడవు సూది కావాలి.

వాస్తవం: బక్కగా ఉన్నా లావుగా ఉన్నా పెద్దవాళ్లలో చర్మం మందం సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లే. ఇన్సులిన్ చేరాల్సింది దాని కిందున్న కొవ్వులోకి. 4 మిల్లీమీటర్ల సూదిని నిటారుగా గుచ్చితే సరిపోతుంది. పొడవు సూది కండలోకి దిగితే నొప్పి పుడుతుంది, షుగర్ ఉన్నట్టుండి పడిపోనూ వచ్చు.

అపోహ: ముందుగా రెండు యూనిట్లు బయటికి వదలడం దండగ.

వాస్తవం: సూది మూసుకుపోలేదని, లోపల గాలి లేదని తెలిసేది సూది కొసన మందు చుక్క కనిపించినప్పుడే. మందు ఖరీదు తెలిసినవాళ్లకు మనసొప్పదు, నిజమే. కానీ ఆ పరీక్ష లేకుండా నొక్కితే ఒంట్లోకి ఎంత వెళ్లిందో చెప్పలేం. వాడిన సూదిని పెన్నుకే వదిలేస్తే గాలి చేరుతుంది, మందు కారుతుంది.

అపోహ: అంకె సున్నాకు వస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: మందు ఇంకా దిగుతూనే ఉంటుంది. బటన్ వదలకుండా పది లెక్కపెట్టి, అప్పుడు తీయండి.

అపోహ: నొప్పి తెలియని చోటే మంచి చోటు.

వాస్తవం: నేను ఎక్కువగా భయపడేది దీనికే. మా అమ్మ ఏళ్ల తరబడి బొడ్డుకు కుడిపక్కన ఒకేచోట వేసుకుంది. అక్కడైతే తెలియనే తెలియదురా అని సంబరంగా చెప్పేది. తడిమి చూస్తే చర్మం కింద రబ్బరులా గట్టిగా తగిలింది. ఒకేచోట పదేపదే పొడిస్తే కొవ్వు అలా గడ్డకడుతుంది. నొప్పి తగ్గుతుంది, కానీ మందు రక్తంలోకి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ వెళ్తుంది. షుగర్ దిగలేదని మోతాదు పెంచుకుంటూ పోతాం. పొట్టను నాలుగు భాగాలనుకుని వారానికొకటి వాడండి. ప్రతిసారీ వేలి వెడల్పంత ఎడంగా జరగండి. ఇప్పటికే గడ్డ ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పకుండా చోటు మార్చకండి. మంచి చోట అదే మోతాదు వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చోటుతోపాటు మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు.

అపోహ: వాడుతున్న పెన్ను ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండాలి.

వాస్తవం: తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నదాన్ని 30 డిగ్రీలు దాటని చోట బయటే ఉంచుకోవచ్చు. చాలా రకాలు 28 రోజులు నిలుస్తాయి, మీ మందు గడువెంతో పెట్టెలోని కాగితంలో చూసుకోండి. చల్లటి మందు మంట పుట్టిస్తుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో గది 30 డిగ్రీల్లోపు ఉండదు కాబట్టి అక్కడ నిల్వ గురించి డాక్టరును ముందే అడగాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాలి.

అపోహ: పెన్ను మొరాయిస్తే అందులోని మందును సిరంజితో తీసుకోవచ్చు.

వాస్తవం: ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పెన్నులో సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. మన దుకాణాల్లో దొరికే ఎర్రమూత సిరంజి 40 యూనిట్ల మందుకు చేసినది. దానితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు.

ఇంట్లో ఇద్దరికి షుగరుంటే సూది మార్చి ఒకే పెన్ను వాడుకోవడమూ తప్పే. కంటికి కనిపించనంత రక్తం పెన్నులోకి వెనక్కి చేరగలదు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు మీ పెన్ను కూడా పట్టుకెళ్లండి. రోజూ ఎలా వేసుకుంటారో వాళ్ల ఎదుటే వేసుకుని చూపించండి.