బండి ముందే చెబుతుంది

కృష్ణానది ఎడమ ఒడ్డున వెలసిన నారసింహ క్షేత్రం వేదాద్రి. దాని పరిసరాలలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు ఒకప్పుడు కృష్ణా జిల్లాలోని మెట్టసీమ. 2022లో అవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. ఇక్కడి సున్నపురాయి, సిమెంటు, పత్తి, మిరప లారీలమీదనే హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారికి చేరతాయి. టన్నులకొద్దీ బరువును మోసే ఆ లారీ అడుగున, చేతిలో ఇమిడే ఒక ఉక్కు ముక్క ఉంటుంది. అది విరిగితే బండి ఆగిపోతుంది; ఒక్కొక్కప్పుడు ప్రాణాలే పోతాయి.

సాధారణంగా లారీలో ఇంజను ముందు ఉంటుంది. బండిని నడిపించేవి వెనుక చక్రాలు. గేరుబాక్సు నుండి శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే పొడవాటి ఉక్కు గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. గతుకుల దారిలో వెనుక ఇరుసు కమాన్లతోపాటు పైకీ కిందికీ కదులుతుంది. కనుక షాఫ్టు వంపు క్షణక్షణమూ మారుతుంది. వంపు మారినా భ్రమణం ఆగకుండా చూసే కీలు యూనివర్సల్ జాయింటు. అందులో కూడిక గుర్తు ఆకారంలో ఉండే భాగాన్ని మెకానిక్కులు ‘క్రాస్’ అంటారు. దాని నాలుగు కొనలకు నాలుగు కప్పులు, వాటిలో సూదులవంటి బేరింగులు ఉంటాయి.

16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరూ, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరూ ఈ కీలుకు స్థిరపడ్డాయి. దీనిని మోటారు బండ్లకు అనువుగా తీర్చి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ స్పైసర్. వంగి తిరిగేటప్పుడు ఈ కీలు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగాన్ని పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. షాఫ్టు రెండవ చివర ఉండే మరో జాయింటు ఆ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది. అందుకే షాఫ్టును విప్పేముందు గుర్తులు పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు అమరిక తప్పితే, క్రాస్ కొత్తదైనా అదురు పోదు.

చెడిపోతున్న జాయింటు ఇచ్చే మొదటి సూచన శబ్దం. బండి కదలగానే, లేదా ఆపి రివర్సు గేరు వేయగానే అడుగున ‘ఠక్’మని మోగితే, బేరింగులు అరిగి వదులైనాయేమోనని చూడాలి. నెమ్మదిగా పోయేటప్పుడు చక్రాల వేగాన్ని అనుసరించి వచ్చే కిచకిచ ధ్వని, గ్రీజు ఎండిపోయిందనడానికి గుర్తు కావచ్చు.

రెండవ సూచన అదురు. వేగం హెచ్చినకొద్దీ సీటు, కాళ్లకింది రేకు అదిరితే షాఫ్టును అనుమానించాలి. స్టీరింగు మాత్రమే ఊగితే దోషం సాధారణంగా ముందు చక్రాలది. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్టు అనేక చుట్లు తిరుగుతుంది. అందువల్ల దాని అదురు సన్నగా, త్వరత్వరగా ఉంటుంది. మూడవ సూచన కంటికే కనిపిస్తుంది: కప్పుల అంచుల వద్ద తుప్పు రంగు పొడి.

పరీక్షించడం కష్టం కాదు. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు అడ్డం పెట్టి, గేరును న్యూట్రలులో ఉంచాలి. జాయింటుకు ఇరువైపులా పట్టుకొని ఎదురెదురు దిశలలో తిప్పాలి. క్రాస్ వదులుగా కదిలితే మార్చవలసిందే. గ్రీజు ఎక్కిస్తే శబ్దం కొంతకాలం అణగవచ్చు. అరిగిన ఉక్కు మాత్రం తిరిగి రాదు.

నిర్లక్ష్యం చేస్తే ఫలితం దారుణం. పరుగులో షాఫ్టు ముందు కొన ఊడి రోడ్డులో దిగబడితే బండి అదుపు తప్పి బోల్తా పడవచ్చు. వెనుక కొన ఊడితే, గిరగిర తిరుగుతూ బ్రేకు గొట్టాలను తెంచవచ్చు. ఎగువకు పోతున్న లారీకి శక్తి అందక వెనుకకు జారితే, దాని వెనుక వచ్చే ఆటోలోని ప్రయాణికులు బలి కావచ్చు.

గనుల దారిలోని ధూళి, వానకాలపు బురదనీరు బేరింగులకు శత్రువులు. గ్రీజు నిపిల్ ఉన్న క్రాస్‌కు, నాలుగు కప్పుల అంచుల నుండీ కొత్త గ్రీజు కనబడేవరకు వేళ తప్పకుండా ఎక్కించాలి. ‘ఈ ట్రిప్పు కానిద్దాం’ అనే మాటలోనే ప్రమాదం దాగి ఉంది. శబ్దాన్ని ముందుగా వినేవాడు డ్రైవరు. బండి ఆపడానికి ఒప్పుకోవలసినవాడు యజమాని. ఒక పూట కిరాయి పోయినా డ్రైవరు మాట మన్నించడం యజమాని బాధ్యత.