ఒకరికి షుగర్‌... ఇద్దరికీ పథ్యం!

ఆయన కంచంలో రెండు పుల్కాలు వేసి, మిగతావాళ్లంతా వేడన్నంలో ఆవకాయ కలుపుకొంటుంటే... ఆ పథ్యం పట్టుమని పది రోజులు సాగదు. మనదేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్‌-ఇండియాబ్‌ అధ్యయనం తేల్చింది. మందులు డాక్టరు రాస్తారు. ఇంటి అలవాట్లు మార్చుకోవాల్సింది మాత్రం ఆలుమగలిద్దరూ.

అన్నం పూర్తిగా మాన్పించక్కర్లేదు. కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నమో రొట్టో ఉంటే మేలు. ఇంటిల్లిపాదీ అదే తినొచ్చు. తిన్నాక ఇద్దరూ పావుగంట నడవండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది.

పెళ్లిలో నలుగురి ముందూ 'నీకెందుకా లడ్డూ?' అనకండి. కాపలా కాస్తే చాటుగా తినడం మొదలవుతుంది.

షుగర్‌ ఇల్లాలికైతే ఇంకా జాగ్రత్త! అందరికీ వడ్డించి, ఏ మూడింటికో మిగిలింది తినే అలవాటు చాలామందిది. ఇన్సులిన్‌, కొన్నిరకాల మాత్రలు వాడుతూ భోజనం ఆలస్యం చేస్తే చక్కెర 70 కన్నా తగ్గిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రోజూ పడుకునేముందు పాదాలు చూడటం మరవద్దు. మొద్దుబారిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అరికాలి పుండు ముందుగా కనిపించేది పక్కనున్న మనిషికే!