వ్యాకరణము నుండి విద్యుద్వలయము

“రాముడు పాఠశాలకు వెళ్లెను” అన్నచో వినువారికి వెంటనే అర్థమగును. “కు వెళ్లెను రాముడు పాఠశాల” అన్నచో అందలి మాటలన్నియు తెలిసినవే యైనను అర్థము కుదరదు. ఏ పదము వెనుక ఏ పదము రాదగునో, ఏ ప్రత్యయము ఎచ్చట చేరవలెనో తెలుపు శాస్త్రమే వ్యాకరణము. కొలది సూత్రములతో లెక్కలేనన్ని వాక్యములను శాసించుట దాని విశేషము. ఈ విశేషమును యంత్రనిర్మాణమునకు వినియోగించుట మానవుడు ఇరువదవ శతాబ్దమున నేర్చినాడు. ఒక యంత్రము ఏ క్రమమున పనిచేయవలెనో వ్యాకరణ సూత్రములుగా వ్రాసి యిచ్చినచో, దానికి వలసిన విద్యుద్వలయమును కంప్యూటరే కల్పించి యిచ్చును.

ఇట్టి ఉపాయము ఏల కావలసి వచ్చెను? 1937లో క్లాడ్ షానన్ అను అమెరికా దేశపు విద్యార్థి, తర్కములోని “మరియు”, “లేదా” అను మాటలను విద్యుత్తు స్విచ్చులతో నిర్మింపవచ్చునని తన సిద్ధాంతవ్యాసమున నిరూపించెను. నేటి చిప్పులన్నియు అట్టి స్విచ్చుల సమూహములే. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 అను చిప్పులో ఇంచుమించు 2300 ట్రాన్సిస్టరులు ఉండెను. దాని పటమును మనుష్యులు చేతితో గీసిరి. 2020లో వెలువడిన ఆపిల్ ఎమ్1 చిప్పులో 1600 కోట్ల ట్రాన్సిస్టరులు కలవు. వీనిని ఒక్కొక్కటిగా చేతితో కలుపుట ఎవరి తరము? పైగా కాగితముపై వ్రాసిన తప్పును కొట్టివేయవచ్చును గాని, సిలికాన్ పలకపై చెక్కిన తప్పును తుడిచివేయుట సాధ్యము కాదు. 1994లో ఇంటెల్ వారి పెంటియం చిప్పు కొన్ని భాగహారములను తప్పుగా చేయుచున్నట్లు బయటపడెను. లోపలి పట్టికలో 5 గడులు నింపబడకపోవుటయే దానికి కారణము. ఆ చిన్న లోపము వలన ఆ సంస్థకు సుమారు 47 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టము కలిగెను.

యంత్రమునకు చెప్పదలచినది సందేహమునకు తావులేని భాషలో చెప్పవలెను. అట్టి భాషకు ప్రాచీనమైన ఆదర్శము భారతదేశముననే కలదు. పాణిని మహర్షి సుమారు నాలుగువేల సూత్రములలో సంస్కృత భాషను బంధించెను. 1959లో జాన్ బాకస్ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరు భాషలను వర్ణించుటకు ఒక సూత్రపద్ధతిని ప్రతిపాదించెను. పీటర్ నౌర్ దానిని మెరుగుపరచెను. ఆ పద్ధతికి బాకస్ పేరుతోపాటు పాణిని పేరును చేర్చుట న్యాయమని 1967లో ఇంగర్మన్ అను మరియొక శాస్త్రజ్ఞుడు సూచించెను.

సూత్రము వలయముగా మారు విధమును ఒక ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. ఒకే పట్టాల దారి గల చోట ఒక రైలుగేటు కలదనుకొందము. అచ్చట జరుగు పనులు నాలుగు: గేటు మూత, రైలు రాక, రైలు పోక, గేటు తెరపు. ఈ నాలుగే ఆ యంత్రభాషలోని పదములు. దాని వ్యాకరణమునకు రెండు సూత్రములు చాలును. మొదటిది: ముందు మూత, దాని వెనుక ఒకటి గాని పెక్కు గాని ప్రయాణములు, తుదకు తెరపు. రెండవది: ప్రయాణ మనగా రాక, దాని వెనుక పోక. “మూత, రాక, పోక, తెరపు” అనునది సరియైన వాక్యము. “మూత, రాక, తెరపు” అనునది తప్పు వాక్యము. రైలు దాటకమునుపే గేటు తెరచుట దాని అర్థము.

ఇప్పుడు ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క జ్ఞాపకపు గడిని ఏర్పరుపవలెను. గడి యనగా వెలిగియో ఆరియో యుండు చిన్న దీపము వంటిది. గేటు తెరచియున్నప్పుడు తెరపు గడి వెలుగుచుండును. క్రొత్త సంకేతము వచ్చినప్పుడెల్ల వెలిగియున్న గడి ఆరిపోవును. వచ్చిన సంకేతమునకు చెందిన గడి మాత్రము, దానికి ముందుండదగిన గడి అంతవరకు వెలిగియున్నచో, వెలుగును. పోక గడిని చూడుడు: పోక సంకేతము రావలెను, మరియు రాక గడి వెలిగియుండవలెను. ఇది షానన్ చెప్పిన “మరియు” స్విచ్చు. రాక గడికి ముందు మూత గడి వెలిగియుండవచ్చును, లేదా మరియొక రైలు దాటిపోయిన పోక గడి వెలిగియుండవచ్చును. ఇది “లేదా” స్విచ్చు. పెక్కు ప్రయాణములు అను మాటకు బదులుగా పోక గడి నుండి రాక గడికి ఒక తీగ వెనుకకు మరలును. గేటు కావలివాడు తొందరపడి మీట నొక్కినను, పోక గడి వెలుగనిదే గేటు తెరచుకొనదు.

ఈ విధముగా ‘వెనుక’ అను మాట ‘మరియు’ స్విచ్చుగను, వికల్పము ‘లేదా’ స్విచ్చుగను, ఆవృత్తి వెనుకకు మరలిన తీగగను మారినవి. ఈ మార్పునకు ఊహతో పనిలేదు. నియమము తప్పకుండ చేసినచో చాలును. అందుచేతనే దీనిని కంప్యూటరునకు అప్పగింప వీలైనది. క్రమము, వికల్పము, ఆవృత్తి అను మూడింటితో వర్ణింపదగిన భాషలను పరిమితమైన స్థితులు గల యంత్రము గుర్తింపగలదని 1956లో స్టీఫెన్ క్లీనీ నిరూపించెను. ఇట్టి వర్ణనలను చిప్పులలోని వలయములుగా మార్చు పద్ధతులను 1982లో రాబర్ట్ ఫ్లాయిడ్, జెఫ్రీ ఉల్‌మన్ వివరించిరి. 1985లో జైలింక్స్ సంస్థ, తయారైన పిమ్మట కూడ లోపలి కలయికలను మార్చుకొన వీలగు చిప్పును వెలువరించెను. 2001లో సిద్ధు, ప్రసన్న అను శాస్త్రజ్ఞులు అట్టి చిప్పులలో ఈ గడుల పద్ధతిని నెలకొల్పి అక్షరముల వరుసలను అతివేగముగా గుర్తింపవచ్చునని చూపిరి. కంప్యూటర్ల నడుమ ప్రవహించు సమాచారములో హానికరమైన వరుసలను పసిగట్టుటకు ఇట్టి వలయములు ఉపయోగపడుచున్నవి.

అయినను ఒక విషయము మరువరాదు. పై రైలుగేటు వద్ద రెండవ పట్టాల దారి వేసిరనుకొందము. మొదటి రైలు దాటకమునుపే రెండవ దారిలో మరియొక రైలు వచ్చినది. రాక వెనుక వెంటనే రాక రావచ్చునని వ్యాకరణములో లేదు. కనుక రాక గడి ఆరిపోవును. మరి యే గడియు వెలుగదు. రెండు రైళ్లును వెళ్లిపోయిన పిమ్మట కూడ గేటు తెరచుకొనదు. బండ్లును మనుష్యులును ఇరుప్రక్కల నిలిచిపోవుదురు. ఇచ్చట కంప్యూటరు పొరపాటు ఏమియు లేదు. అది వ్రాసి యిచ్చిన సూత్రములను తు.చ. తప్పక పాటించినది. రెండవ రైలును తలపనివాడు సూత్రములు వ్రాసినవాడు.

తీగలు కలుపు శ్రమను, కలుపుటలోని పొరపాట్లను యంత్రము తగ్గింపగలదు. ఏది జరుగవచ్చునో, ఏది జరుగరాదో ముందుగా ఆలోచించి చెప్పుట మాత్రము మనుష్యుని వంతు. గేటునకు రెండవ దారిని గూర్చిన సూత్రమును చేర్చి యిచ్చినచో, కంప్యూటరు మరల క్రొత్త వలయమును కల్పించి యిచ్చును. ఆ సూత్రము కావలెనని గుర్తించుటకు మాత్రము, గేటు వద్ద నిలిచి రెండు దారులను చూచిన మనుష్యుడు కావలెను.