మా చెల్లెలి దక్షిణ అమెరికా యాత్ర



మన పెద్దలకు దేశాటనమనగా తీర్థయాత్రయే. కాశికో రామేశ్వరమునకో పోవుదురు. అంతదూరము పోలేనివారు మా భద్రాద్రికి వత్తురు. పుణ్యము నిమిత్తము గాక, ఊరక చూచుటకును అలసట తీర్చుకొనుటకును స్త్రీ యిల్లు కదలుట యిప్పటికిని మన యిండ్లలో సంజాయిషీ చెప్పవలసిన పనియే. అట్టి సంజాయిషీ నొకదానిని మా పినతల్లి తన కొమార్తెను అడిగినది. ఆ తల్లీబిడ్డల నడుమ మాటలు మోసినదానను నేను గావున ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

చెల్లెలు పదునొకండేండ్లుగా అమెరికాలోని డల్లాసు నగరమున భర్తతోను ఎనిమిదేండ్ల కుమారునితోను కాపురముండి ఉద్యోగము చేయుచున్నది. రెండేండ్లుగా పుట్టింటికి రాలేదు. మొన్నటి డిసెంబరులో పండ్రెండు దినములు సెలవు దొరకగా పాల్వంచకు రాక, దక్షిణ అమెరికాలోని లీమా, బ్యూనస్ ఎయిరిస్, రియో డి జనేరో నగరములు చూచివచ్చినది. "సముద్రము చూచుటకు తీరిక కలిగినది గాని తల్లిని చూచుటకు కలుగలేదా?" యని పిన్ని కంట నీరు పెట్టుకొన్నది. ఆమె దుఃఖమును తప్పుపట్టువారెవరు?

చెల్లెలు నాకు వ్రాసిన ఉత్తరమున (ఇప్పటి ఉత్తరములు టపాలో రావు, ఫోనులో దిగును, అయినను ఆమెది నిజముగా ఉత్తరమే) మొదట లెక్కలు చెప్పినది. డల్లాసునుండి మన యూరు చేరుటకు రాకపోకలకే నాలుగు దినములు పోవును. పగలు రాత్రియై, రాత్రి పగలై, నిద్ర కుదుటపడుటకు మఱి నాలుగు దినములు. లీమాకో, రాత్రి విమానమెక్కిన తెల్లవారుసరికి దిగవచ్చును. గడియారమును ఒక్క గంట త్రిప్పిన చాలును. ఈ లెక్కలు సరియైనవే. కాని అసలు మాట ఉత్తరము చివర నున్నది. "అక్కా, ఇంటికి వచ్చిన ప్రతిసారి ఇరువది యిండ్లు తిరిగి ఇరువదిమార్లు ఒక్కటే సమాధానము చెప్పవలెను. రెండవ బిడ్డ యెప్పుడని అడుగనివారు లేరు. ఎవరును నన్నెఱుగని చోట పదిదినములు కూర్చుండవలెనని పించినది" అని వ్రాసినది. ఈ వాక్యమును పిన్నికి చదివి వినిపించుటకు నాకు రెండు వారములు పట్టినది.

మావారు బడినుండి తెచ్చిన భూగోళమును ముందుంచుకొని మేము ఆ యాత్రను వెంబడించితిమి. భద్రాచలమువద్ద భూమిని నిట్టనిలువున త్రవ్వికొనిపోయినచో పెరూ దేశమునకు పడమట మహాసముద్రమున తేలుదుమట! పాతాళమన్నది ఇదియేనా యని పిన్ని అడిగినది. అచట మన శీతకాలము వేసవి. డిసెంబరులో సముద్రతీరములన్నియు జనముతో నిండును. బ్యూనస్ ఎయిరిస్ నగరమున మధ్యాహ్నసూర్యుడు ఉత్తరపు వైపున నిలిచి, మనిషి నీడ దక్షిణమునకు పడును.

లీమా పెరూకు రాజధాని. 1535లో స్పెయినువారు నిర్మించిరి. సముద్రపుటొడ్డుననే యున్నను అచట వాన మిక్కిలి అరుదు. తీరము వెంట పాఱు చల్లని ప్రవాహము వలన మేఘము పొగమంచుగా దిగునేగాని వర్షింపదు. ఎత్తైన గట్టు మీద నగరము, క్రింద సముద్రము. ఆ తీరమున ఇసుక కాదు, గులకరాళ్లు. అల వెనుదీయునప్పుడు రాళ్లు దొర్లి బియ్యము చెఱిగినట్లు చప్పుడగునని చెల్లెలు వ్రాసినది.

అయితే ఆమె మనస్సు సముద్రముమీద కంటె అంగడిమీదనే నిలిచినది. పసుపుపచ్చని మిరపకాయలు, గుండ్రని ఎఱ్ఱ మిరపకాయలు, మూడువేల రకములకు మించునని చెప్పెడి ఉర్లగడ్డలలో కొన్ని, టమాటాలు, వేరుసెనగ, జామ, అనాస. చూడగా చూడగా అది పరదేశపు అంగడిగా తోచలేదట. ఏల తోచును? ఈ మొక్కలన్నియు అమెరికా ఖండములనుండి వచ్చినవే. మిరప జాతి పుట్టినది దక్షిణ అమెరికాలో. మనము పండించు రకమును సాగులోనికి తెచ్చినవారు మెక్సికోవారు. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన దేశమునకు చేర్చిరి. అనగా శ్రీనాథుడు భుజించిన ఏ విందులోను మిరపకాయ లేదు. కారమునకు మిరియమే గతి. నేడో, వేసవి ముఖము పట్టగానే మా ఖమ్మము మార్కెట్టు యార్డులో తేజ మిరప బస్తాలు కొండలవలె పేరుకొని, ఆ వీధిని పోవువారు తుమ్మక దాటజాలరు. మా అశ్వారావుపేట, దమ్మపేట తోటలలోని జీడిమామిడికి పుట్టిల్లు బ్రెజిలు. పరాయి ఖండమునుండి వచ్చిన మొక్కను మనము పరాయిదనము. పిల్ల పరాయి ఖండమునకు పోయిన మాత్రము పరాయిదైనదని భయపడుదుము!

అచట ఊదారంగు మొక్కజొన్నతో ఒక పానకము చేయుదురు. ఆ కంకులను అనాసపండు తొక్కలతోను, దాల్చినచెక్క, లవంగములతోను చాలసేపు కాచి, వడబోసి, చల్లారిన పిదప పంచదారయు నిమ్మరసమును కలుపుదురు. ఆ మొక్కజొన్న మనకు దొరకదుగాని, అనాస తొక్కలతో ఈ విధముగా చేసి చూచితిని. పిల్లలు మఱల అడిగిరి.

బ్యూనస్ ఎయిరిస్ అర్జెంటీనాకు రాజధాని. రవీంద్రనాథఠాకూరు 1924లో పెరూకు పోవుచు జబ్బుపడి ఈ నగరమున దిగిపోయెను. విక్టోరియా ఓకాంపో అను విదుషి ఆయనకు నగరసమీపమున సాన్ ఇసిద్రోలో నదికి ఎదుటనున్న ఇల్లు కుదిర్చి, ఇంచుమించు రెండు మాసములు ఉపచరించినది. ఠాకూరు ఆమెను విజయ యని పిలిచి, 1925లో తన పూరబీ కావ్యమును ఆమెకు అంకితమిచ్చెను. ఆయన విశ్రమించిన కుర్చీని ఓడలో పంపుటకు గది తలుపు ఇరుకు కాగా, ఆ తలుపునే ఊడదీయించినదట. ఆ కుర్చీ పిదప శాంతినికేతనము చేరినది. ఠాకూరు పెరూ చేరనేలేదు.

ఆ నగరమునందే మాయో చౌకు కలదు. 1976 మొదలు 1983 వఱకు అర్జెంటీనాను పాలించిన సైనికప్రభుత్వము వేలకొలది యువతీయువకులను పట్టుకొనిపోయి జాడ తెలియకుండ చేసినది. 1977 ఏప్రిలు 30వ తేదీన పదునలుగురు తల్లులు ఆ చౌకులో నిలిచి తమ బిడ్డలెక్కడ అని అడిగిరి. గుమిగూడి నిలువరాదు, కదలుడని పోలీసులు గద్దింపగా, వారు కదలిరి. చౌకుచుట్టు నడచిరి. ప్రతి గురువారము నడచిరి. ఒకరినొకరు గుర్తించుటకై తమ బిడ్డలకు పసితనమున కట్టిన తెల్లని గుడ్డలను తలకు చుట్టుకొనిరి. వారికి ముందు నిలిచిన అసుసేనా విల్యాఫ్లోరును ఆ యేడే డిసెంబరులో పట్టుకొనిపోయి చంపిరి. ఆమె అస్థులను 2005లో గుర్తించి, చితాభస్మమును ఆ చౌకులోనే పూడ్చిరి. చౌకునేలమీద ఆ తలగుడ్డల బొమ్మలు తెల్లరంగుతో చిత్రించియున్నవి. చెల్లెలు ఆ బొమ్మ ప్రక్క నిలిచి తల్లికి ఫోను చేసినదట. అప్పుడు మనకు తెల్లవారుజాము. ఎందుకు చేసితివని పిన్ని అడిగిన ఏమియు లేదని చెప్పినదట.

రియో నగరపు కోపకబానా తీరము నాలుగు కిలోమీటర్లు. ఒడ్డుబాట నల్లతెల్ల రాళ్లతో అలల ముగ్గువలె పఱచియుండును. కొండకొమ్మున 1931లో ముగిసిన క్రీస్తు విగ్రహము ముప్పది మీటర్లు. తీరమున స్త్రీల దుస్తులను గూర్చి మన పెద్దలు ఏమందురో నేను వ్రాయనక్కఱలేదు. చెల్లెలి కన్నులకు కనబడినది వేఱు. అవ్వలు, స్థూలకాయలు, బాలింతలు, ఎవరి దేహమునకు వారు సిగ్గుపడక ఇసుకలో కూర్చుండి పండ్లు తినుచుండిరట. మన గోదావరి రేవులో ముక్కోటినాడు తడిచీరలతో మునుగు ముసలమ్మలకు మాత్రము సిగ్గున్నదా?

డిసెంబరు 31వ తేదీ రాత్రి అక్కడివారు తెల్లబట్టలు కట్టి, యేమాంజా అను సముద్రదేవతకు తెల్లని పువ్వులు సమర్పించి, చిన్న పడవలలో కానుకలుంచి నీటిలో విడుతురు. ఏడు అలలు దాటి దూకుదురు. ఈ దేవతను ఆఫ్రికానుండి బానిసలుగా తెచ్చినవారు తమతో తెచ్చుకొనిరి. బ్రెజిలులో బానిసత్వము రద్దయినది 1888లో. కార్తికమున మనము గోదావరిలో విడుచు దొప్పదీపములు చెల్లెలికి జ్ఞప్తికి వచ్చినవి.

ఆ రాత్రి చాలసేపు మేల్కొనియుండి, తెల్లవారకముందు దక్షిణదిక్కున త్రిశంకు నక్షత్రములను కుమారునికి చూపినది. అచట ధ్రువుడు కానరాడు. త్రిశంకువు మాత్రము మనకును కనబడును; వైశాఖపు రాత్రులలో భద్రాచలపు ఇసుకతిన్నెపై నిలిచిన, దక్షిణమున నేలకు దగ్గఱగా.

ఈ ఖండమునకు మన తెలుగువారు విహారమునకు గాక కూలికై పోయిన కాలమొకటి కలదు. 1838 మొదలు 1917 వఱకు ఇంచుమించు రెండు లక్షల నలువది వేల భారతీయులను చెఱకుతోటల నిమిత్తము బ్రిటిషు గయానాకు ఓడలపై చేర్చిరి. వారిలో చెన్నపట్టణపు రేవున ఎక్కినవారు పదునైదు వేలు, తెలుగువారును అఱవవారును. అందఱను మదరాసీలనే వ్యవహరించిరి. ఐదేండ్ల ఒప్పందమని పోయి, పెక్కుమంది మఱలి రాలేదు. భాష నశించినది, అమ్మవారి పూజలు నిలిచినవి. వారి తల్లులకు ఫోను లేదు, ఉత్తరము లేదు. ఇది చెప్పినప్పుడు పిన్ని చాలసేపు మాటాడలేదు.

పోదలచువారికి ఒక్క ముఖ్యవిషయము. బ్రెజిలు, పెరూ, గయానా మొదలగు దేశములనుండి మన దేశమునకు వచ్చువారు ఎల్లో ఫీవరు అను జ్వరమునకు టీకా వేయించుకొన్న పత్రము చూపవలెను; టీకా వేసిన పదిదినములకు గాని పత్రము చెల్లదు; ఒకమారు వేసిన జీవితాంతము చాలును. అది లేనివారిని విమానాశ్రయమున ఆఱు దినములవఱకు ప్రత్యేకముగా నుంచవచ్చును. అరువదేండ్లు దాటినవారు వైద్యుని సలహా లేక దీనిని వేయించుకొనరాదు.

ఈ తుదిమాట నేను చదువుచుండగా పిన్ని నన్నాపి, తనకు అరువదినాలుగేండ్లని, వైద్యుని అడుగవలెనన్న ఖమ్మములో అడుగవలెనా హైదరాబాదులో అడుగవలెనా యని విచారించినది.