పదిహేను కుర్చీల పార్లమెంటు

ఐరోపా పటం విప్పి, స్విట్జర్లండుకూ ఆస్ట్రియాకూ నడుమ వెతకండి. వేలిగోరు పెడితే మరుగయిపోయేటంత దేశం ఒకటి అక్కడ ఉన్నది. దాని పేరు లిక్టెన్‌స్టైన్. విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు పాతిక కిలోమీటర్లు. పొద్దున సైకిలెక్కి బయలుదేరితే మధ్యాహ్నం భోజనంవేళకు ముందే దేశం దాటిపోవచ్చు! పడమట రైన్ నది, తూర్పున ఆల్ప్స్ కొండలు. 1868లో ఉన్న కొద్దిపాటి సైన్యాన్నీ రద్దు చేశారు. డబ్బు కూడా స్విట్జర్లండు వారిదే వాడుకుంటారు. రాజుగారు మాత్రం వారి సొంతం. ముఖ్యపట్టణమైన వాదూజ్‌లో, కొండమీది కోటలో ఆయన నివాసం.

రాజు ఉన్నా, చట్టాలు చేయటానికి ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు కూడా ఉన్నది. ఇప్పుడు దానిలో 25 మంది సభ్యులు. నేను చెప్పబోయే కాలంలో పదిహేను మందే ఉండేవారు: ఎగువ సీమ నుంచి 9 మంది, దిగువ సీమ నుంచి 6 గురు. మన బడిలో ఒక తరగతి పిల్లలు కూర్చునే గదిలో ఆ పార్లమెంటు మొత్తం ఇమిడిపోతుంది.

అక్కడ రెండు పెద్ద పార్టీలు ఉన్నవి. ఒకరిని ఎర్రవారనీ, రెండవవారిని నల్లవారనీ జనం పిలుస్తారు. వోటు వేసే పద్ధతి కొంచెం తమాషాగా ఉంటుంది. ఒక్కొక్క పార్టీ తన అభ్యర్థుల పేర్లతో ఒక్కొక్క కాగితం అచ్చు వేస్తుంది. వోటరు తనకు నచ్చిన పార్టీ కాగితం తీసుకుని, అందులో నచ్చని పేరు కొట్టివేసి, దాని బదులు ఎదుటి పార్టీ మనిషి పేరు రాయవచ్చు. అంత చిన్న దేశంలో అభ్యర్థులు చాలామంది తెలిసినవాళ్ళే. ఏ మనిషి ఎటువంటివాడో వోటరుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంత చక్కని ఏర్పాటులో ఒక లోటుండేది. 1984 దాకా ఆ దేశపు పార్లమెంటు ఎన్నికలలో ఆడవారికి వోటు లేదు.

మీరు నమ్మలేకపోవచ్చు. మన దేశంలో 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలోనే ఆడవారు మగవారితోపాటు వోటు వేశారు. 1984 వేసవి నాటికి మన ఊళ్ళలోని అవ్వలు లోక్‌సభకు ఏడు ఎన్నికలు చూశారు. లిక్టెన్‌స్టైన్‌లో బడిపంతులమ్మ అయినా, దుకాణం నడిపే ఆవిడ అయినా, ఎన్నికలనాడు ఇంట్లో కూర్చోవలసిందే.

ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. 1971 ఫిబ్రవరి మొదట్లో పొరుగున ఉన్న స్విట్జర్లండు ఆడవారికి వోటు ఇచ్చింది. అదే నెలాఖరున లిక్టెన్‌స్టైన్‌లో కూడా ప్రజల అభిప్రాయం తీసుకున్నారు. కాని ఆ "ప్రజలు" ఎవరు? వోటు ఉన్న మగవారే! రైలుపెట్టెలో ఎక్కి కూర్చున్న వారిని "బయట ఉన్నవారిని ఎక్కనిద్దామా?" అని అడిగినట్టుంది. 1,816 మంది సరే అన్నారు, 1,897 మంది వద్దన్నారు. 81 వోట్లతో తలుపు మూసుకున్నది. 1973లో మళ్ళీ అడిగితే ఇంకా గట్టిగా మూశారు: 1,675 మంది సరే, 2,126 మంది వద్దు.

వద్దన్నవారు ఏవో కారణాలు చెప్పేవారు. పరదేశాలనుంచి కాపురానికి వచ్చిన కోడళ్ళు చాలామంది ఉన్నారనీ, వారందరికీ వోటు వస్తే దేశం పొరుగువారి చేతిలోకి పోతుందనీ కొందరి భయం. 1976లో వాదూజ్ పట్టణం ఒక అడుగు ముందుకు వేసి, ఊరి వ్యవహారాలలో ఆడవారికి వోటు ఇచ్చింది. కాని దేశపు చట్టాల సంగతి వచ్చేసరికి మళ్ళీ నోరు మూసుకోవలసిందే.

1981లో కొందరు స్త్రీలు ఒక సంఘం పెట్టారు. దానికి పెట్టుకున్న పేరు వింటే మీకు నవ్వు వస్తుంది. ముళ్ళపొదలు అల్లుకున్న కోటలో నూరేళ్ళు నిద్రపోయిన రాకుమారి కథ మీరు విన్నారు కదా? ఆ రాకుమారి పేరే! కథలో రాకుమారుడు వచ్చి ఆమెను లేపుతాడు. వీరు మాత్రం ఎవరూ లేపేవరకు ఆగలేదు. 1982లో న్యాయస్థానానికి పోయి, "పౌరులందరూ చట్టం ముందు సమానమే అని రాజ్యాంగంలో ఉన్నది. మేము పౌరులం కామా?" అని అడిగారు. న్యాయస్థానం వారి ఫిర్యాదును కొట్టివేసింది. మరుసటి ఏడు వారు స్ట్రాస్‌బర్గ్ పట్టణానికి వెళ్ళి ఐరోపా కౌన్సిల్‌లో తమ కష్టం చెప్పుకున్నారు. ఇంటి గుట్టు వీధిలో పెట్టారని స్వదేశంలో కొందరికి కోపం వచ్చింది. ఆ గుట్టు విని ఐరోపా అంతా ముక్కుమీద వేలు వేసుకున్నదన్నది కూడా నిజమే.

1984 జూలై 1వ తేదీన మూడోసారి వోట్లు లెక్కించారు. ఈసారి కూడా వోట్లు వేసినది మగవారే. సరే అన్నవారు 2,370 మంది. వద్దన్నవారు 2,251 మంది. తేడా 119. ఒక అరవై మంది మనసు మార్చుకుని అటు వేసి ఉంటే తలుపు మళ్ళీ మూసుకునేదే. దాదాపు ఇరవై ఏడు వేలమంది ఉన్న దేశంలో సగంమంది హక్కు ఆ కొద్దిమంది వోటుమీద నిలిచింది.

1986 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి. వోటర్ల సంఖ్య రెట్టింపయింది. పార్లమెంటు తలక్రిందులవుతుందని ఎదురుచూసిన వారికి ఆశాభంగమే అయింది. అంతకుముందు ఎర్రవారికి 8, నల్లవారికి 7 స్థానాలు ఉండేవి. లెక్కింపు పూర్తి అయ్యాక చూస్తే ఎర్రవారికి 8, నల్లవారికి 7! కొత్తగా పుట్టిన మూడో పార్టీకి నూటికి 8 వోట్లయినా రాలేదు, అందుచేత దానికి స్థానమూ రాలేదు. అక్కడి నియమం అది.

అయితే ఆ పదిహేను కుర్చీలలో ఒకదానిలో మాత్రం మార్పు కనిపించింది. నల్లవారి పక్షాన గెలిచిన ఎమ్మా ఐగెన్‌మన్ అనే ఆమె దానిలో కూర్చున్నది. ఆ పార్లమెంటులో మొట్టమొదటి స్త్రీ ఆమె. మిగతా పద్నాలుగుమందీ మగవారే.

1989 ఎన్నికలనుంచి కుర్చీలు 25 అయినవి. ఇప్పుడు వోటర్లలో చాలామంది ఇంట్లోనే కాగితం నింపి పోస్టులో పంపుతున్నారు. 2025 ఫిబ్రవరి ఎన్నికలలో ఎర్రవారికి అందరికంటే ఎక్కువగా 10 స్థానాలు వచ్చాయి. ఆ ఏప్రిల్‌లో బ్రిగిట్టె హాస్ అనే ఆమె ఆ దేశానికి ప్రధానమంత్రి అయింది. ఆ పదవి ఒక స్త్రీకి దక్కటం అదే మొదలు.