‘ఉందా?’ అని అడిగించే స్టేషన్

తుక్కుగూడలో దారులకు కొదవ లేదు. ఒక పక్క శ్రీశైలం రోడ్డు, దాని మీదుగా 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు, నెత్తిమీద విమానాలు. లేనిదల్లా రైలు పట్టా. బండి ముఖం చూడాలంటే విమానాశ్రయాన్ని చుట్టి అవతలి వైపు, శంషాబాద్ దగ్గరి ఉందానగర్‌కు పోవాలి.

పేరే సగం వినోదం. ఉర్దూలో ‘ఉమ్దా’ అంటే మేలైనది, శ్రేష్ఠమైనది. తెలుగువాళ్ల నోట నలిగి అందులోని ‘మ్’ కాస్తా సున్నాగా మారింది. దాంతో నవాబుల కాలపు పొగడ్త మన చెవికి ప్రశ్నలా వినిపిస్తుంది. “ఉందానగర్ బండి ఉందా?” అని అడిగి మనమే నవ్వుకోవాలి.

ఉందానగర్ మీదుగా పోయే ఈ దారి నిజాం రైల్వే వేసిన మీటర్ గేజ్ లైను. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా సాగి, తుంగభద్ర దాటి కర్నూలు చేరింది. రెండు పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరు, అంటే గజం కన్నా బెత్తెడు ఎక్కువ. ఆ సన్నటి దారిలోనే పాలమూరు జనం దశాబ్దాల పాటు పట్నానికి వచ్చిపోయారు. 1990లలో ఆ ఎడం 1,676 మిల్లీమీటర్లకు పెరిగి బ్రాడ్ గేజ్ అయింది. అయినా చాలాకాలం ఒంటి లైనే. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి, కరెంటు తీగలు లాగి, 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు.

ఎంఎంటీఎస్ ఇక్కడికి వచ్చిందీ అప్పుడే. 2003లో మొదలైన ఆ లోకల్ బండి దాదాపు ఇరవై ఏళ్ల పాటు ఫలక్‌నుమాలోనే ఆగిపోయేది. ఇప్పుడు శివరాంపల్లి, బుద్వేల్ దాటి మరో 14 కిలోమీటర్లు వస్తోంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. ఆ అద్దం దగ్గర బయల్దేరిన బండి విమానాలు దిగే చోటికి వస్తోందన్నమాట. పేర్లు పెట్టినవాళ్లు ఇదంతా ఊహించి ఉండరు లెండి.

కానీ చివరి అడుగు పడలేదు. ఉందానగర్ నుంచి విమానాశ్రయానికి సుమారు ఆరు కిలోమీటర్లు. ఎంఎంటీఎస్ రెండో దశ ప్రణాళికలో ఆ ముక్క కూడా ఉండేది. 2008 మార్చిలో తెరుచుకున్న విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే ఒక్కటే 4,260 మీటర్లు, నాలుగుంపావు కిలోమీటర్లు! దానికి మరో రెండు కిలోమీటర్లు కలిపినంత దూరమే ఇక్కడ పట్టా పడకుండా మిగిలింది. ప్లాట్‌ఫాం మీద నిలబడి తల ఎత్తితే చక్రాలు దించుకుని పోతున్న విమానం కనిపిస్తుంది. తల దించితే రెండు జతల పట్టాలు, కంకర సందుల్లో తలెత్తిన గడ్డి. బెంగళూరు వందేభారత్ ఈ దారినే ఆగకుండా దూసుకుపోతుంది. అది వెళ్లాక తీగలు కాసేపు ఊగుతాయి, మళ్లీ కాకుల అరుపే.

రావాలనుకునేవారు టైంటేబుల్ చూసుకునే బయల్దేరండి, బళ్లు తక్కువ. టికెట్ మాత్రం అయిదు రూపాయల నుంచే మొదలు. తుక్కుగూడ వైపు నుంచి కారులో అయితే అవుటర్ మీద 14వ ఎగ్జిట్ దగ్గర ఎక్కి 16 దగ్గర దిగొచ్చు. బైకులను, ఆటోలను పైకి రానివ్వరు, వాళ్లకు సర్వీసు రోడ్డే గతి.

నేను వెళ్లిన రోజు తిరుగు బండికి చాలా సమయముంది. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఆగి, “ఫలక్‌నుమా బండి ఉందా?” అన్నాను. కొట్టతను గ్లాసు కడుగుతూనే తల తిప్పాడు.

“ఉంది సార్. అచ్చేదాంక కూసోండ్రి.”