ఎలుక పడిపోయింది సరే, మత్తు ఎక్కిందా?

ఫిల్మ్‌నగర్ కథల్లో విలన్ జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అదిమాడంటే మూడు సెకన్లలో హీరోయిన్ వాలిపోవాల్సిందే. నిజం క్లోరోఫామ్‌కి నిమిషాలు పడుతుంది, ఆ కాసేపూ పెనుగులాట తప్పదు. సినిమాలో మనిషి ఒరగ్గానే సీను అయిపోతుంది. ప్రయోగశాలలో చిట్టెలుక ఒరిగాకే అసలు పని మొదలవుతుంది.

ఎందుకంటే ఒరిగిపోవడం మత్తుకి తొలి మెట్టు మాత్రమే. ఐసోఫ్లురేన్ ఆవిరిని ఆక్సిజన్‌తో కలిపి, 3 నుంచి 4 శాతం చొప్పున చిన్న పెట్టెలోకి వదులుతారు. పెట్టెను వంచి వెల్లకిలా చేసినా ఎలుక బోర్లా తిరగలేకపోతే బయటికి తీసి, ముక్కుకి గొట్టం తగిలించి ఆవిరిని 2 శాతం దగ్గరికి దించుతారు. అంతమాత్రాన కత్తి పెట్టేయకూడదు.

మరి ఎలా తెలుస్తుంది? గిల్లి చూడాలి. వెనక కాలి వేళ్ల మధ్య చర్మాన్ని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతారు. కాలు లాక్కుందా, ఇంకా ఆగాలి. అయితే ఇక్కడో చిక్కుంది. కాలు కదలకపోవడం చాలినంత మత్తుకీ గుర్తే, ప్రాణం మీదికొచ్చిన మత్తుకీ గుర్తే. ఆ రెండో సంగతి ఊపిరి చెబుతుంది. మెలకువలో నిమిషానికి 100 నుంచి 200 సార్లు ఎగిరే ఆ చిన్న డొక్క మత్తులో సగానికి నెమ్మదించినా, లయ తప్పకుండా ఆడాలి. ఆగి ఆగి, ఎగపోస్తున్నట్టు పెద్ద ఊపిరి తీసిందంటే ఆవిరి తగ్గించాల్సిందే. గులాబీ రంగు పాదాలు పాలిపోయినా, నీలంగా మారినా అంతే.

ఊపిరి ఒక్కటి చూసుకుంటే చాలదా? ఈ వాదన ఒకప్పుడు మన హైదరాబాదులోనే ప్రపంచానికి వినపడేంత గట్టిగా జరిగింది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిస్తే, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, ఇంకా చాలా జంతువుల మీద చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండె ఆ తర్వాతే ఆగుతుందని తేల్చారు. నాడి పట్టుకుని కూర్చోవడం దండగన్నాడు లారీ. 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలు ఆ ధీమాను తీసేశాయి: క్లోరోఫామ్ మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఊపిరి మీద కన్నేయమన్న లారీ మాట నేటికీ మంచిదే. దాన్నొక్కదాన్నే నమ్మమనడమే అతను చేసిన పొరపాటని నాకనిపిస్తుంది.

చిట్టెలుకతో ఇంకో మోసం కూడా ఉంది. పాతిక గ్రాముల ఒళ్లు, మత్తులో ఇట్టే చల్లబడిపోతుంది. చలికీ ఊపిరి నెమ్మదిస్తుంది కాబట్టి, చూసేవాళ్లు మత్తు ఎక్కువైందని పొరబడొచ్చు. అందుకే అడుగున వెచ్చటి ప్యాడ్ పరుస్తారు. మత్తులోనూ కళ్లు తెరిచే ఉంటాయి, ఎండిపోకుండా వాటికి ఆయింట్‌మెంట్ రాస్తారు.

పనయ్యాక ఆవిరి ఆపుతారు. మీసాలు అదురుతాయి, తోక కదులుతుంది. అప్పుడూ వదిలి వెళ్లరు. అది తనంతట తాను బోర్లా తిరిగి నాలుగు కాళ్ల మీద నిలబడేదాకా పక్కనే ఉంటారు.